ఫోనుతో చెల్లింపునకు పనికివచ్చు క్రెడిట్ కార్డు: ఎన్నుకొను విధము

ఎరువుల దుకాణమునందును, కిరాణా కొట్టునందును, మందుల అంగడియందును నేడు క్యూఆర్ గళ్లచీటి లేని గోడ కానరాదు. నోట్లు లెక్కపెట్టు శ్రమ తగ్గినది. చిల్లర తగవు తీఱినది. ఈ సౌకర్యము వెంట వేఱొక వస్తువు గ్రామములలోనికి వచ్చుచున్నది. అది ఫోనుతో చెల్లింపునకు పనికివచ్చు క్రెడిట్ కార్డు. మేము పంటల ప్రదర్శనములకై గ్రామములకు పోయినప్పుడు రైతులు విత్తనములనుగూర్చియు తెగుళ్లనుగూర్చియు అడుగుటతోబాటు, "బ్యాంకువారు కార్డు ఇచ్చెదమని మాటిమాటికి పిలుచుచున్నారు, తీసికొనవచ్చునా? తీసికొన్నచో నేది మంచిది?" అనియు అడుగుచున్నారు. ఈ ప్రశ్నకు సావధానముగా సమాధానము చెప్పుట మంచిదని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

విత్తనము కొనునప్పుడు సంచిమీది బొమ్మను చూచి కొనువాడు మోసపోవును. మొలక శాతమెంత, పంటకాలమెంత, మన నేలకు తగునా యని విచారించువాడు బాగుపడును. కార్డు విషయమును ఇంతే. పైనున్న రంగును, ఇచ్చెదమను బహుమానములను కాక, మూడు సంగతులను విచారింపవలెను: అది మన ఊరి దుకాణములో ఫోనుతో పనిచేయునా? దాని వడ్డీ యెంత? దాని గడువు మన ఇంటికి సొమ్ము వచ్చు కాలముతో సరిపోవునా?

ఒకే పేరు, మూడు వస్తువులు

ముందుగా ఒక పొరపాటును తొలగింపవలెను. "కార్డు" అనుమాటతో మూడు వేర్వేరు వస్తువులు వ్యవహరింపబడుచున్నవి.

మొదటిది డెబిట్ కార్డు. ఇది మన పొదుపు ఖాతాలోని మన సొమ్మును మనకిచ్చు తాళపుచెవి వంటిది. ఇందులో అప్పు లేదు, వడ్డీ లేదు.

రెండవది కిసాన్ క్రెడిట్ కార్డు. ఇది 1998లో ఏర్పడిన పంట ఋణ పద్ధతి. భూమి విస్తీర్ణమును, వేయు పంటను చూచి బ్యాంకుగాని సహకార సంఘముగాని ఋణపరిమితిని నిర్ణయించును. పంట చేతికివచ్చి అమ్ముడుపోవు కాలమును బట్టి తిరిగి చెల్లించు గడువు పెట్టబడును. కేంద్ర ప్రభుత్వపు వడ్డీ రాయితీ వలన 3 లక్షల రూపాయలలోపు ఋణమునకు సంవత్సరమునకు నూటికి 7 రూపాయల వడ్డీ. గడువులోపల చెల్లించినవారికి ఇంకను 3 రూపాయలు తగ్గి, నూటికి 4 మాత్రమే పడును.

మూడవది సామాన్యముగా క్రెడిట్ కార్డు అనబడునది. ఇది బ్యాంకు మనకిచ్చు చేబదులు. మన ఖాతాలో పైకము లేకున్నను బ్యాంకు దుకాణదారునకు చెల్లించి, నెలకొకమారు మనకు బిల్లు పంపును. బిల్లులోని మొత్తమంతయు గడువునాటికి చెల్లించినచో వడ్డీ లేదు. చెల్లింపనిచో వడ్డీ మిక్కిలి హెచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డులోను "క్రెడిట్" అనుమాట యున్నదిగదా యని ఈ రెంటిని ఒకటిగా నెంచరాదు. ఒకటి పంటకాలపు ఋణము. రెండవది నెలకాలపు చేబదులు. ఈ వ్యాసములో మేము చెప్పబోవునదంతయు ఈ మూడవదానిని గూర్చియే.

ఫోనుతో పనిచేయునది ఏది?

ఫోనుతో సొమ్ము పంపు యూపీఐ పద్ధతిని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వారు 2016లో ప్రారంభించిరి. మొదట ఇది బ్యాంకు ఖాతాలోని సొమ్మునకు మాత్రమే వర్తించెను. 2022 జూన్ నెలలో రిజర్వు బ్యాంకువారు క్రెడిట్ కార్డులను యూపీఐతో కలుపుటకు అనుమతించుచు, మొదట రూపే కార్డులకు ఈ వసతి కలుగునని ప్రకటించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఇది ఆచరణలోనికి వచ్చెను. రూపే కార్డును నడుపువారును, యూపీఐని నడుపువారును ఒకే సంస్థవారు.

కావున దుకాణములోని గళ్లచీటిని ఫోనుతో చూపించి క్రెడిట్ కార్డుమీద చెల్లింపవలెనన్నచో, కార్డుమీద "రూపే" అను గుర్తు ఉండవలెను. వీసా, మాస్టర్‌కార్డు గుర్తులు గల కార్డులను ఫోనులో వేఱొక రీతిగా వాడవచ్చును. దుకాణమునందున్న కార్డు యంత్రమునకు ఫోనును దగ్గఱగా చూపినచో సొమ్ము చెల్లును. దీనికి ఎన్ఎఫ్‌సీ అను ఏర్పాటు గల ఫోను కావలెను. అట్టి చెల్లింపును స్వీకరించు యంత్రము దుకాణదారునియొద్ద ఉండవలెను. పట్టణములలోని పెద్ద అంగళ్లలో ఇవి దొరకును. పల్లెలో తఱచుగా కనబడునది గళ్లచీటి మాత్రమే. కాబట్టి గ్రామవాసికి రూపే కార్డే ఎక్కువ ఉపయోగకరము.

"బ్యాంకువారు ఏది యిచ్చిన అది తీసికొనవలెను గదా" యని కొందఱనుకొందురు. అది నిజము కాదు. 2024 మార్చిలో రిజర్వు బ్యాంకువారు, కార్డు ఇచ్చునప్పుడే ఏ గుర్తు గల కార్డు కావలెనో కోరుకొను అవకాశమును ఖాతాదారునకు ఈయవలెనని బ్యాంకులను ఆదేశించిరి. తక్కువ కార్డులిచ్చు సంస్థల వంటి కొన్నిటికి ఇందు మినహాయింపు గలదు. కావున దరఖాస్తునందే "నాకు రూపే కార్డు కావలెను" అని స్పష్టముగా చెప్పవలెను.

కార్డును ఫోనులో చేర్చుట కష్టము కాదు. బ్యాంకులో వ్రాయించిన ఫోను నంబరు గల సిమ్ము ఆ ఫోనులోనే ఉండవలెను. భీమ్, ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం వంటి యాప్‌లలో నొకదానియందు కార్డును చేర్చి, దానికి ప్రత్యేకముగా ఒక యూపీఐ పిన్ పెట్టుకొనవలెను. సిమ్ము కుమారుని పేరనున్నదనియో, నంబరు మాఱినదనియో చిక్కు వచ్చుచుండును. కార్డుకు దరఖాస్తు పెట్టుటకు ముందే ఖాతాలోని నంబరును సరిచేయించుకొనుట మంచిది.

అన్ని గళ్లచీటీలు ఒకటి కావు

రూపే కార్డు చేతనున్నను కొన్ని తావుల సొమ్ము చెల్లదు. కారణమేమనగా, క్రెడిట్ కార్డుతో వ్యాపారికి మాత్రమే చెల్లింపవచ్చును. ఒక మనిషినుండి వేఱొక మనిషికి పంపరాదు. కూలీలకు కూలి, ట్రాక్టరు యజమానికి దున్నకపు బాడుగ, కౌలు సొమ్ము, బంధువునకు చేబదులు, ఇవి వారి సొంత ఖాతాలకు పంపునవి గనుక కార్డుతో జరుగవు. చిన్న దుకాణదారుడు వ్యాపార ఖాతా తెఱువక తన సొంత ఖాతా గళ్లచీటినే గోడకు అంటించినచో, అక్కడను కార్డు పనిచేయదు. దుకాణదారునికి చెల్లించి అతనియొద్ద నగదు పుచ్చుకొనుటయు నియమవిరుద్ధము.

మఱియొక సంగతి గలదు. చిన్న వ్యాపారులు రూపే క్రెడిట్ కార్డు ద్వారా యూపీఐలో స్వీకరించు 2,000 రూపాయలవఱకు గల చెల్లింపులకు వారినుండి రుసుము పుచ్చుకొనరాదని 2022 అక్టోబరులో ఏర్పాటు చేయబడినది. అంతకు మించిన చెల్లింపులలో కొంత రుసుము వ్యాపారికి వచ్చు సొమ్మునుండి తగ్గింపబడును. అందుచేత పెద్ద మొత్తములకు కొందఱు కార్డు ఒప్పుకొనరు. కొందఱు ఆ రుసుమును కొనువానిపై వేయజూతురు. మీరు నిత్యము సరకు కొను నాలుగైదు దుకాణములవారిని ముందుగా అడిగి తెలిసికొని, ఆ పిమ్మటనే కార్డు అక్కఱ గలదో లేదో నిశ్చయించుకొనుడు.

మూడున్నర రూపాయల వడ్డీ

ఇక ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాము. మన గ్రామములలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకొందుము. "రూపాయి వడ్డీ" యనగా ధర్మవడ్డీ యనియు, "రెండు రూపాయల వడ్డీ" యనగా సామాన్య వడ్డీ యనియు, "మూడు రూపాయల వడ్డీ" యనగా కఠిన వడ్డీ యనియు అందఱెఱుగుదురు. క్రెడిట్ కార్డులపై వడ్డీ తఱచుగా నెలకు నూటికి 3 మొదలు 3 రూపాయల 75 పైసలవఱకు ఉన్నది. దానిపై నూటికి 18 చొప్పున జీఎస్‌టీ వేఱు. షావుకారు మూడున్నర రూపాయల వడ్డీ అడిగినచో రచ్చబండయొద్ద వానిని నిందింతుము. అదే వడ్డీ అందమైన కాగితముమీద చిన్న అక్షరములతో వచ్చినచో చదువకయే సంతకము చేయుచున్నాము.

ఒక లెక్క చూడుడు. ఒక వరి రైతు జూలైలో 10,000 రూపాయల ఎరువును కొనెననుకొందము. ధాన్యము అమ్మి సొమ్ము చేతికి వచ్చుటకు ఆఱు నెలలు పట్టును.

సంఘములో పంట ఋణముగా తీసికొని గడువునాటికి చెల్లించినచో, నూటికి 4 చొప్పున వడ్డీ 200 రూపాయలు.

గడువు రాయితీ దొరకక 7 చొప్పున పడినను 350 రూపాయలు.

కార్డుమీద కొని, అసలు అట్లే నిలిపి, నెలకు మూడున్నర చొప్పున లెక్కించినచో ఆఱు నెలలకు 2,100 రూపాయలు. జీఎస్‌టీ 378 రూపాయలు. వెరసి 2,478 రూపాయలు. వడ్డీపై వడ్డీని, ఆలస్య రుసుమును ఇందు చేర్చలేదు.

2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకము ధాన్యమునకు ప్రభుత్వము ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అనగా సంఘపు ఋణమునకు వడ్డీగా తొమ్మిది కిలోల ధాన్యమైనను పోదు. కార్డు ఋణమునకు ఒక క్వింటాలుకు పైగా పోవును. ఎరువు అదే, పొలము అదే, పంట అదే. అప్పు తెచ్చిన చోటు మాత్రమే వేఱు.

"కనీస చెల్లింపు" అను మాటను మిక్కిలి జాగ్రత్తగా చూడవలెను. బిల్లులో మొత్తము బాకీతోబాటు, కనీసముగా చెల్లింపవలసిన చిన్న మొత్తము ఒకటి వ్రాయబడియుండును. అది చెల్లించిన చాలునని పలువురు తలచుచున్నారు. 10,000 రూపాయల బాకీకి కనీస చెల్లింపు 500 అనుకొందము. ఆ నెల వడ్డీ 350, జీఎస్‌టీ 63, వెరసి 413. ఇక అసలులో తగ్గినది 87 రూపాయలు మాత్రమే. అంతియేకాదు, మొత్తము చెల్లింపనిచో కొన్న దినము మొదలుకొని వడ్డీ లెక్కింపబడును, ఆపైన క్రొత్తగా కొన్న సరకునకును వడ్డీలేని గడువు పోవును. కనీస చెల్లింపువలన ఆలస్య రుసుము తప్పునేగాని అప్పు తీఱదు. కార్డుతో నగదు తీసికొన్నచో, రుసుమునకు తోడు ఆ దినమునుండియే వడ్డీ పడును గనుక ఆ పని ఎన్నడును చేయరాదు.

ఎవరికి తగును? ఎవరికి తగదు?

కార్డు చెడ్డదని మేము చెప్పుట లేదు. గడువునాటికి మొత్తము చెల్లించువానికి అది వడ్డీలేని చేబదులు. అయితే ఆ గడువు పంటకాలమంత దీర్ఘము కాదు. ప్రతి నెల 5వ తేదీన బిల్లు తయారగుననియు, 25వ తేదీ చెల్లింపు గడువనియు అనుకొందము. జూలై 6న కొన్న సరకు ఆగస్టు 5 బిల్లులో చేరును. ఆగస్టు 25వఱకు, అనగా 50 దినములు గడువు దొరకును. జూలై 4న కొన్న సరకు మఱునాటి బిల్లులోనే చేరి, జూలై 25కే చెల్లింపవలసివచ్చును. గడువు 21 దినములే. కొన్న తేదీనిబట్టి గడువు మాఱుచుండునని దీనివలన తెలియుచున్నది.

కాబట్టి పక్షమునకో మాసమునకో సొమ్ము వచ్చుచుండు ఇండ్లకు కార్డు తగును. పాలు పోసి పదునైదు దినములకొకమారు పట్టీ పుచ్చుకొనువారు, కూరగాయలను రైతుబజారుకు తీసికొనిపోవువారు, కోళ్లు పెంచి గుడ్లు అమ్మువారు, ఇంట జీతగాడు గలవారు ఈ కోవలోని వారు. దాణాయు, పశువుల మందులును, ఇంటి సామగ్రియు కార్డుమీద కొని, వచ్చిన పట్టీతో తీర్చివేయవచ్చును.

వరి, ప్రత్తి, మిరప, చెఱకు వేసి సంవత్సరమునకు ఒకటి రెండుమార్లే సొమ్ము చూచువారు పంట పెట్టుబడిని కార్డుమీద పెట్టరాదు. వారికి పంట ఋణమే శరణ్యము. కౌలు రైతులకు భూమి పత్రము లేనందున ఋణము పుట్టక, వారే ఎక్కువగా కార్డులవైపు చూచుచున్నారు. కిసాన్ క్రెడిట్ కార్డు పద్ధతిలో కౌలుదారులకును, నోటిమాట కౌలుదారులకును, పాలికాపులకును, సమష్టి బాధ్యతతో ఏర్పడిన రైతు బృందములకును అర్హత గలదని వారు తెలిసికొనవలెను. ముందు సంఘ కార్యదర్శిని గట్టిగా అడుగుడు. కార్డు కాగితముమీద సంతకము ఆ తరువాత.

సంతకమునకు ముందు అడుగవలసిన ప్రశ్నలు

బ్యాంకువారిని ఈ క్రింది ప్రశ్నలు అడిగి, జవాబులను కాగితముమీద వ్రాసికొనుడు. రెండు మూడు బ్యాంకుల జవాబులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఏది మేలో మీకే తోచును.

1. ఇది రూపే కార్డేనా? యూపీఐతో కలియునా?

2. చేరిక రుసుము, ఏటేటి రుసుము ఎంత? మొదటి సంవత్సరము మాత్రమే ఉచితమా, ఎల్లకాలము ఉచితమా?

3. వడ్డీ నెలకు నూటికి ఎంత? ఆలస్య రుసుము ఎంత?

4. బిల్లు తేదీ యేది? చెల్లింపు తేదీ యేది? బిల్లు తేదీని కనీసము ఒకమారు మన వీలునుబట్టి మార్చుకొను హక్కు కార్డుదారునకు గలదు. పాలపట్టీ వచ్చిన నాలుగు దినములకు చెల్లింపు గడువు పడునట్లు మార్పించుకొనుడు.

5. యూపీఐ ద్వారా కొన్నవాటికి బహుమాన పాయింట్లు వచ్చునా? కొన్ని కార్డులలో రావు. నూటికి రూపాయియో అర్ధరూపాయియో వచ్చు పాయింట్లకొఱకు అక్కఱలేని సరకు కొనుట, గడ్డికొఱకు గేదెను అమ్ముకొనుట వంటిది.

6. ఆదాయపు పత్రములు లేనివారికి డిపాజిట్టుమీద కార్డు ఇచ్చెదరా? కొన్ని బ్యాంకులు ఇచ్చుచున్నవి. ఇందులో పరిమితి డిపాజిట్టును మించకుండుటచే అప్పు చేయిదాటదు. కాని బాకీ నిలిచినచో డిపాజిట్టునుండి పట్టుకొందురని మఱవరాదు.

7. కార్డు వద్దనుకొన్నచో ఎట్లు మూయవలెను? బాకీ లేనిచో, కోరిన ఏడు పనిదినములలో మూయవలెననియు, ఆలస్యమైన ప్రతిదినమునకు 500 రూపాయలు కార్డుదారునకు ఈయవలెననియు 2022 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకువారు నియమము పెట్టిరి. అడుగకయే కార్డు పంపుటయు, అనుమతి లేక పరిమితి పెంచుటయు ఆ నియమములలోనే నిషేధింపబడినవి.

భద్రపఱచుకొనుట

పరిమితి లక్ష యిచ్చినను మీ నెల రాబడిలో మూడవవంతును మించి కార్డుమీద వాడకుడు. యాప్‌లో పరిమితిని తగ్గించుకొను వీలు సామాన్యముగా ఉండును. యూపీఐ పిన్‌ను గాని ఓటీపీని గాని ఎవరికిని చెప్పరాదు. బ్యాంకు ఉద్యోగినని చెప్పినను చెప్పరాదు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కఱలేదు. పిన్ కొట్టితిమనగా మన సొమ్ము పోవుచున్నదని యర్థము. పరిమితి పెంచెదమనియో, రాయితీ వచ్చినదనియో చెప్పి ఫోనులో క్రొత్త యాప్ పెట్టుకొమ్మనువానిని నమ్మరాదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి ఊరకుండక, వెంటనే బ్యాంకునకు చెప్పి కార్డును ఆపించి, 1930 నంబరుకు ఫోను చేయవలెను. తెలుపుటలో ఆలస్యమైన కొలది సొమ్ము దొరకు ఆశ తగ్గును.

బాకీ నిలిచినచో ఆ సంగతి పరపతి సమాచార సంస్థలకు చేరును. రేపు ట్రాక్టరు ఋణమునకో, గృహ ఋణమునకో పోయినప్పుడు ఆ చిట్టా ముందుకు వచ్చును. ఐదువేల కార్డు బాకీ ఐదులక్షల ఋణమునకు అడ్డుపడవచ్చును.

ముగింపు

మన దేశములో 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది రైతును అధిక వడ్డీనుండి తప్పించుటకే. నూఱేండ్లకు పైగా సంఘములు చేసిన ఆ పనిని, ఒక చిన్న కార్డు ఒక్క పంటకాలములో చెఱచగలదు; తెలిసి వాడినచో అదే కార్డు నెలసరి ఖర్చులకు వడ్డీలేని వెసులుబాటును కలిగింపగలదు. ఫోనుతో చెల్లించుటకు రూపేను కోరుడు. మొత్తము బిల్లును గడువునాటికి చెల్లించుడు. పంట పెట్టుబడికి మాత్రము సంఘమునకే రండు. కార్డు కాగితము అర్థము కానిచో, సంతకము చేయకమునుపు సంఘ కార్యాలయమునకు తెచ్చి కార్యదర్శిచేత చదివించుకొనుడు. చదువుటకు పట్టునది పావుగంట. చదువకున్న పోవునది ఒక క్వింటాలు ధాన్యము.